అన్నం ముద్ద నుంచి ఎ.టి.పి. దాకా: కణంలో తిరిగే చక్రం

కూటి కొరకు కోటి విద్యలు అన్నారు మన పెద్దలు. పొలం దున్నే రైతు, తెల్లవారకముందే మైపాడు తీరాన పడవను అలలలోకి తోసే మత్స్యకారుడు, ఇస్కపల్లి ఉప్పు మడులలో ఎండకు వంగి పనిచేసే కూలి, బల్ల ముందు కూర్చుని లెక్కలు వ్రాసే గుమాస్తా - వీరందరి శ్రమా ఆ నాలుగు మెతుకుల కొరకే. అయితే అన్నం నోటికి అందిన తరువాత ఏమవుతున్నది? ఆ ముద్ద చేతికి బలంగా, కంటికి చూపుగా, మెదడుకు ఆలోచనగా ఎట్లా మారుతున్నది? ఈ ప్రశ్నను మాత్రం మనం అరుదుగా వేసుకుంటాము. కూడు సంపాదించడానికి విద్యలు కోటి కావచ్చును గాని, ఆ కూటిని శక్తిగా మార్చే విషయంలో సకల జీవరాశి ప్రధానంగా ఒక్క విద్యనే నమ్ముకొని ఉన్నది. మన పేగులలోని బాక్టీరియా నుంచి గడ్డిపరక వరకు, రొయ్య నుంచి మనిషి వరకు ఆ విద్య ఒక్కటే. దానిని గురించి మన విద్యార్థులకు తేట మాటలలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము భాషాధ్యాపకులము. విజ్ఞానశాస్త్రం మా వృత్తి కాదు. అయినా ఒక మాటకు అర్థం కంటి ముందు రూపు కట్టినప్పుడే అది మనదవుతుందన్న సంగతి భాష చెప్పేవారికి బాగా తెలుసును. "మైటోకాండ్రియాలు కణ శక్త్యాగారాలు" అని పరీక్షలో వ్రాయని విద్యార్థి లేడు. ఆ ఆగారంలో ఏ యంత్రం ఉన్నది, దానిని ఎవరు తిప్పుతున్నారు, అది ఆగితే ఏమగును అని అడిగితే మాత్రం జవాబు చెప్పేవారు కొద్దిమందే. మన కళాశాలలో కొందరు కణం అంటారు, కొందరు ఖలియా అంటారు. కొందరు శక్తి అంటారు, కొందరు తవానాయీ అంటారు. ఏ భాషలో అన్నా లోపల జరిగే పని ఒక్కటే.

చెలామణి అయ్యే చిల్లర

మనం తిన్న అన్నం జీర్ణమై గ్లూకోజు అవుతుంది. గ్లూకోజులో శక్తి ఉన్నది. కాని దానిని కణం నేరుగా ఖర్చు పెట్టలేదు. పెద్ద నోటు పట్టుకొని సంతలో రూపాయి కరివేపాకు కొనబోయినవాని పరిస్థితి అది. నోటును ముందు చిల్లరగా మార్చుకోవాలి. కణంలో చెలామణి అయ్యే ఆ చిల్లర పేరే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఎ.టి.పి.

దీని నిర్మాణం సులభమైనదే. అడినిన్ అనే పదార్థం, దానికి రైబోజు అనే చక్కెర, ఆ చక్కెరకు వరుసగా మూడు ఫాస్ఫేటులు. ఈ ఫాస్ఫేటులన్నిటికీ ఋణ విద్యుదావేశం ఉండటం వలన అవి ఒకదానినొకటి నెట్టుకుంటూ, ఇరుకు బండిలో కూర్చున్న ప్రయాణికులవలె ఉంటాయి. చివరి ఫాస్ఫేటు నీటితో చర్య జరిపి విడిపోయినప్పుడు శక్తి వెలువడుతుంది. కండరం ముడుచుకోవడం, నరంలో వార్త పరుగెత్తడం, కొత్త ప్రోటీను తయారు కావడం ఈ శక్తితోనే జరుగుతాయి. మిగిలినది రెండు ఫాస్ఫేటుల ఎ.డి.పి. దానికి మూడవ ఫాస్ఫేటును మళ్ళీ తగిలిస్తే తిరిగి ఎ.టి.పి. సిద్ధం.

ఇక్కడ ఆశ్చర్యపడవలసిన లెక్క ఒకటి ఉన్నది. ఏ క్షణంలో చూసినా మనిషి దేహమంతటా కలిపి ఉండే ఎ.టి.పి. కొన్ని పదుల గ్రాములకు మించదు. కాని పని లేకుండా విశ్రాంతిగా ఉన్న మనిషి కూడా ఒక్క దినంలో తన బరువులో సుమారు సగమంత ఎ.టి.పి.ని తయారు చేసి ఖర్చు పెడతాడు. 60 కిలోల మనిషికి అది 30 కిలోలు. అంటే ప్రతి అణువూ రోజుకు కొన్ని వందలసార్లు విడిపోయి, మళ్ళీ కట్టుకొంటున్నదన్నమాట. కొవ్వు రూపంలో మనం నెలల తరబడి ఆహారాన్ని దాచుకోగలము గాని, ఎ.టి.పి.ని మాత్రం దాచలేము. ఇది పాతర వేసిన ధాన్యం కాదు. ఏ పూటకాపూట సంపాదించవలసిన కూలి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే, తరువాత చెప్పబోయేదంతా సులభంగా బోధపడుతుంది.

భీమవరం నుంచి బోస్టనుకు

ఈ చిల్లరను మొదట చేతికి చిక్కించుకున్నవారిలో ఒకరు తెలుగువాడు. ఈ విషయం మన పాఠ్యపుస్తకాలలో ఒక వాక్యంగానైనా ఉండవలసినది.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుంచి ఉత్తీర్ణులైనారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించారు. అది గిట్టని ఆచార్యుని కారణంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కినది. ఆ పట్టాతోనే సముద్రం దాటి బోస్టను నగరం చేరి, హార్వర్డు వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్క్ అనే జీవరసాయన శాస్త్రవేత్త వద్ద పనికి కుదిరారు.

అక్కడ ఆయన మొదట చేసిన పని చూడడానికి చిన్నది. రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరసు ఎంత ఉన్నదో ఖచ్చితంగా కొలిచే పద్ధతి ఒకటి కావాలి. మాలిబ్డేటు కలిపి, తగిన రసాయనంతో క్షయకరణం చెందిస్తే ద్రవం నీలి రంగు తిరుగుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. 1925లో ప్రచురితమైన ఈ పద్ధతికి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అన్న పేరు స్థిరపడినది. వంద సంవత్సరాలు గడిచినా జీవరసాయన శాస్త్ర విద్యార్థులకు ఆ పేరు నేటికీ పరిచితమే.

కొలత చేతికి వచ్చిన తరువాత వారు కండరాన్ని పరీక్షించారు. కొలిచే ద్రవంలో నీలిరంగు వెంటనే రాక, నెమ్మది నెమ్మదిగా చిక్కబడుతున్నది. ఇంకొకరైతే పరికరం లోపమని పక్కన పెట్టేవారేమో. వీరు పెట్టలేదు. కండరంలో ఏదో ఒక సున్నితమైన ఫాస్ఫేటు పదార్థం ఉండి, పరీక్ష జరిగే సమయంలోనే విడిపోతున్నదని గ్రహించారు. 1927లో ప్రకటించిన ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటివరకు ఉన్న సిద్ధాంతం దీనితో కదలిపోయినది. 1929లో వారే కండరం నుంచి ఎ.టి.పి.ని వేరుచేసి ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. 1941లో ఫ్రిట్జ్ లిప్మన్ ఈ పదార్థమే జీవక్రియలన్నిటికీ ఉమ్మడి శక్తి నాణెమని స్పష్టంగా వివరించాడు.

సుబ్బారావుగారు 1940లో హార్వర్డు విడిచి లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, ఆరియోమైసిన్ వంటి మందుల వెనుక ఆయన నాయకత్వం ఉన్నది. మన కోస్తాను పీడించిన బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడా ఆయన బృందం కృషి ఫలమే. 1948లో, 53 సంవత్సరాల వయస్సులో, ఆయన అమెరికాలోనే మరణించారు.

కట్ట, తూము, నీరు

నాణెం దొరికినది. దానిని ముద్రించే టంకశాల ఏది? గ్లూకోజును ఆక్సిజన్ లేకుండా విరిచినప్పుడు ఒక అణువుకు కేవలం 2 ఎ.టి.పి.లు లాభిస్తాయి. ఆక్సిజన్ ఉన్నప్పుడు, నేటి లెక్కల ప్రకారం, సుమారు 30 వరకు లభిస్తాయి. (పాత పుస్తకాలలో 36 లేక 38 అని కనిపించేది ఆదర్శపు లెక్క.) ఈ అధిక లాభమంతా మైటోకాండ్రియా లోపలి పొర వద్దనే సమకూరుతున్నది.

ఆహారం నుంచి ఊడివచ్చిన ఎలక్ట్రానులు ఆ పొరలోని ప్రోటీనుల వరుస గుండా చేతులు మారుతూ పోయి, చివరకు మనం పీల్చిన ఆక్సిజన్‌ను చేరుతాయి. అక్కడ నీరు ఏర్పడుతుంది. మనం ఊపిరి పీల్చేది ప్రధానంగా ఈ చివరి మెట్టు కొరకే. అయితే ఈ ప్రయాణానికీ, ఎ.టి.పి. తయారీకీ నడుమ సంబంధమేమిటి? మధ్యలో శక్తిని మోసే రసాయనం ఏదో ఉండి తీరాలని చాలా ఏండ్లు వెదికారు. అది దొరకలేదు.

1961లో పీటర్ మిచెల్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త, అటువంటి రసాయనమే లేదన్నాడు. ఆయన మాటను మన జిల్లా పోలికతో చెప్పుకొందాము. సోమశిల వద్ద పెన్న నీటికి కట్ట అడ్డం వేశారు. కట్టకు ఒక పక్క నీరు ఎత్తుగా నిలిచి ఉంటుంది, మరొక పక్క పల్లం. తూము తెరిస్తే నీరు బలంగా దూకుతుంది. ఆ బలం నీటిలోని ఏ ప్రత్యేక పదార్థానిదీ కాదు. రెండు పక్కల మట్టాల తేడాది. మైటోకాండ్రియా లోపలి పొర అటువంటి కట్ట. ఎలక్ట్రానులు చేతులు మారేటప్పుడు విడుదలయ్యే శక్తితో ప్రోటానులు, అనగా హైడ్రోజన్ అయానులు, పొరకు ఆవలి పక్కకు తోడబడతాయి. ఆవల అవి కిక్కిరిసిపోతాయి, ఈవల తక్కువవుతాయి. తిరిగి లోపలికి రావడానికి వాటికున్న ముఖ్యమైన తూము ఎ.టి.పి. సింథేజ్ అనే ఎంజైము. ఆ తూము గుండా దూకే ప్రోటానుల బలమే ఎ.టి.పి.ని కట్టిస్తున్నదన్నాడు మిచెల్.

పండితలోకం దీనిని వెంటనే అంగీకరించలేదు. వాదోపవాదాలు పది, పదిహేను సంవత్సరాలు నడిచినవి. చివరకు బలమైన సాక్ష్యం చెప్పినది ఉప్పును కోరి బ్రదికే ఒక సూక్ష్మజీవి. ఉప్పు మడులలో నీరు బాగా చిక్కబడినప్పుడు ఎర్రని, గులాబీ రంగు ఛాయ తేలడం మన తీరవాసులకు కొత్త కాదు. అటువంటి చిక్కని ఉప్పునీటిలో పెరిగే హాలోబాక్టీరియం అనే జీవి పొరలో ఊదారంగు ప్రోటీను ఒకటి ఉన్నది. ఎండ తగిలితే అది ప్రోటానులను తోడుతుంది. 1974లో ఎఫ్రాయిమ్ రాకర్, వాల్టర్ స్టోకెనియస్ అనేవారు కొవ్వుతో చేసిన కృత్రిమ బుడగలలో ఆ ప్రోటీనును, ఆవు గుండె నుంచి తీసిన ఎ.టి.పి. సింథేజ్‌ను కలిపి పొదిగారు. వెలుతురు పెట్టగానే ఎ.టి.పి. తయారైనది. ఉప్పునీటి జీవికీ, ఆవుకూ ఏ చుట్టరికం? ఆ బుడగలో ఆ రెంటినీ కలిపినది ప్రోటానుల మట్టం ఒక్కటే. 1978లో మిచెల్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చినది.

తిరిగే చక్రం

ఇక ఆ తూము నిర్మాణం చూద్దాము. కృష్ణపట్నం దగ్గర నేలటూరు థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఆవిరి తాకిడికి టర్బైను తిరుగుతుంది. దాని ఇరుసు తిరిగి విద్యుత్తు పుడుతుంది. ఎ.టి.పి. సింథేజ్ కూడా అక్షరాలా తిరిగే యంత్రమే. పొరలో పొదిగి ఉన్న భాగం ఒక చక్రం. మన మైటోకాండ్రియాలలో ఆ చక్రానికి ఎనిమిది దళాలు. ప్రోటాను ఒక దళాన్ని ఎక్కి, చక్రంతో పాటు దాదాపు ఒక చుట్టు తిరిగి, లోపలి పక్కన దిగిపోతుంది. చక్రానికి బిగించిన ఇరుసు దానితోపాటు తిరుగుతుంది. ఇరుసు పై కొన లోపలి పక్కకు పొడుచుకొని ఉన్న గుండ్రని తలలోకి దూరి ఉంటుంది. తల మాత్రం తిరగదు. పక్కనున్న ఊతకొమ్మ దానిని కదలకుండా పట్టి ఉంచుతుంది.

ఆ తలలో పనిచేసే అరలు మూడు. ఇరుసు గుండ్రంగా కాక ఒక పక్కకు ఒరిగి ఉండటం వలన, తిరిగినప్పుడల్లా ఒక్కొక్క అరను ఒక్కొక్క తీరుగా ఒత్తుతుంది. ఒక అర తెరుచుకొని ఉన్నప్పుడు ఇంకొకటి ఎ.డి.పి.ని, ఫాస్ఫేటును వదులుగా పట్టుకొంటుంది. మూడవది గట్టిగా బిగిసి వాటిని ఎ.టి.పి.గా కలుపుతుంది. ఇరుసు మూడవ వంతు తిరిగేసరికి అరల స్థితులు మారిపోతాయి. బిగిసిన అర తెరుచుకొని ఎ.టి.పి. బయటపడుతుంది. ఒక పూర్తి చుట్టుకు మూడు ఎ.టి.పి.లు. ఈ వివరణ అమెరికా శాస్త్రవేత్త పాల్ బోయర్‌ది. ఇందులోని విశేషమేమనగా, ఎ.డి.పి.ని ఫాస్ఫేటుతో కలపడం ఆ అరలో కష్టమైన పని కాదు; తయారైన ఎ.టి.పి.ని అర చేత విడిపించడమే కష్టం. ప్రోటానులు తెచ్చిన శక్తి ముఖ్యంగా అందుకే ఖర్చవుతున్నది. చేయడం కంటె చేసినదానిని చేయి జార్చి ఇవ్వడమే కష్టమన్న మాట మనుషులకే కాక ఎంజైములకూ వర్తిస్తున్నది!

1994లో ఇంగ్లండులో జాన్ వాకర్ బృందం ఆవు గుండె నుంచి తీసిన ఈ ఎంజైము తలను స్ఫటికంగా చేసి, ఎక్స్ కిరణాల సహాయంతో దాని రూపాన్ని చూపినది. మూడు అరలూ మూడు వేరు స్థితులలో కనిపించినవి. 1997లో జపాను శాస్త్రవేత్తలు ఇరుసుకు కాంతులీనే సన్నని పోగు ఒకటి అంటించి, అది గిరగిర తిరగడం సూక్ష్మదర్శినిలో కంటితో చూశారు. అదే సంవత్సరం బోయర్, వాకర్‌లకు నోబెల్ బహుమానంలో సగం లభించినది. ఈ చక్రం సెకనుకు నూరుసార్లకు పైగా తిరగగలదు. ఈ వాక్యం చదివే లోపల మన కణాలలో అది ఎన్ని చుట్లు తిరిగి ఉంటుందో ఊహించుకోవచ్చును.

చక్రం ఆగినచోట

ఇదంతా ప్రయోగశాల ముచ్చట అనుకోరాదు. ఈ చక్రం ఆగిన దృశ్యాలు మన తీరం పొడుగునా ఉన్నవి.

రొయ్యల చెరువునే తీసుకొందాము. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్‌ను ఇస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలతోపాటు ఆక్సిజన్‌ను వాడుకొంటుంది. కనుక తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటె తక్కువ. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే రైతు గుండె ఎందుకు ఆగినంత పని అవుతుందో ఇప్పుడు తెలుస్తుంది. ఎలక్ట్రానులను అందుకొనేందుకు చివర ఆక్సిజన్ లేదు, ప్రోటానులను తోడేవారు లేరు, కట్టకు రెండు పక్కలా మట్టం సమమైపోయినది, చక్రం నిలిచినది. 30 వచ్చేచోట 2 మాత్రమే వస్తే ఏ సంసారమైనా ఎన్ని గంటలు నడుస్తుంది? చెరువు అడుగు నల్లబురద నుంచి కుళ్ళిన గ్రుడ్డు వాసనతో వచ్చే హైడ్రోజన్ సల్ఫైడు ఇంకా దుర్మార్గమైనది. నీటిలో ఆక్సిజన్ ఉన్నా, దానిని అందుకొనే ఎంజైమునే అది పట్టి బంధిస్తుంది. సయనైడు మనిషిని చంపేది కూడా ఆ ఎంజైమును పట్టుకొనే. అడుగు బురదను శుభ్రం చేయండని నిపుణులు చెప్పేది ఇందుకే.

చేపల బజారులో మరొక సాక్ష్యం ఉన్నది. చేప చచ్చిన కొద్దిసేపటికి కొయ్యబారుతుంది. కండరం బిగిసినప్పుడు ఒకదానినొకటి పట్టుకొన్న ప్రోటీను పోగులు విడివడాలంటే ఎ.టి.పి. కావాలి. ప్రాణం పోయిన పిమ్మట ఎ.టి.పి. తరిగిపోతుంది, పోగులు పట్టుకొన్నవి పట్టుకొన్నట్లే ఉండిపోతాయి. మరికొంత సేపటికి ఇతర ఎంజైములు కండను మెత్తబరుస్తాయి. వేలితో నొక్కి చేపను ఎంచే మన ఆడవాళ్ళు ఈ రసాయన చరిత్రనే వేలికొసతో చదువుతున్నారు. మంచు గడ్డలు ఆ చరిత్ర నడకను నెమ్మది చేస్తాయి.

చక్రాన్ని ఆపడం వరమయ్యే సందర్భం కూడా ఉన్నది. క్షయ వ్యాధిని కలిగించే బాక్టీరియాకూ ఎ.టి.పి. సింథేజ్ ఉన్నది. దాని చక్రం మన చక్రానికంటె కొంచెం వేరుగా ఉంటుంది. బెడాక్విలిన్ అనే మందు ఆ చక్రం దళాలకు అడ్డుపడి దానిని తిరగనీయదు. మన చక్రాన్ని మాత్రం ఆ మోతాదులో చాలావరకు వదిలివేస్తుంది. దీనిని గురించి 2005లో శాస్త్రలోకానికి తెలిసినది. 2012లో అమెరికాలో అనుమతి లభించినది. 2016 నుంచి మన దేశపు క్షయ నివారణ కార్యక్రమంలోకి ప్రవేశించినది. పాత మందులకు లొంగని క్షయతో క్రుంగినవారికి ఇది కొత్త ఊపిరి. ఇరుకు ఇండ్లు, గాలి తక్కువ వీధులు ఉన్నచోటల్లా ఈ మాట విలువ ఎంతటిదో మన విద్యార్థులకు చెప్పనక్కర లేదు.

విద్యార్థులారా! ఈ కథలో మూడు సంగతులు గమనింపదగినవి. ఒకటి, నీలిరంగు నెమ్మదిగా రావడం వంటి చిన్న విషయాన్ని తోసివేయక నిలిచి చూసినవారికే పెద్ద విషయం దొరికినది. రెండు, మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పిన కుర్రవాడే జీవరాశి అంతటి శక్తి నాణేన్ని గుర్తించినవారిలో ఒకడైనాడు. కనుక మార్కుల పట్టికను మీ జాతకంగా భావించవద్దు, అట్లని చదువును తేలికగానూ తీసుకోవద్దు. మూడవది ఆ చక్రమే చెప్పే పాఠం. నిన్న తయారైన ఎ.టి.పి. నేటికి పనికిరాదు. విద్య కూడా అంతే. నిరుడు బట్టీ పట్టినది పరీక్షతోనే ఖర్చయిపోతుంది. ఏనాటికానాడు అర్థం చేసుకొంటూ పోయేది మాత్రమే మనలను నడిపిస్తుంది. మన కళాశాల సంఘంవారు ప్రయోగశాలకు ఒక మంచి సూక్ష్మదర్శినిని, ఫిస్క్-సుబ్బారావు పద్ధతికి కావలసిన కొద్దిపాటి రసాయనాలను సమకూర్చగలిగితే, ఆ నీలిరంగు నెమ్మదిగా చిక్కబడటం మన పిల్లలు తమ కండ్లతో చూడగలుగుతారు. వంద పుటల పాఠం కంటె ఆ ఒక్క సీసా ఎక్కువ చెబుతుందని మా విశ్వాసం.